అద్దం కవరు మీద నిలిచిన రంగు బంపర్ మీద ఎందుకు ఊడింది?

తూర్పు గోదావరి జిల్లా నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. వయసు ముప్పై రెండు, ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతారు. వాళ్ళ బావగారు మస్కట్‌లో ఉద్యోగం చేస్తూ, తన సిల్వర్ రంగు కారును వీళ్ళ ఇంట్లో పెట్టి వెళ్ళారు. "అప్పుడప్పుడూ తిప్పుతూ ఉండు, లేకపోతే బ్యాటరీ పోతుంది" అని తాళాలు చేతికిచ్చారు. సెప్టెంబరులో ఒక రాత్రి వానలో కారు లోపల పెడుతుంటే ముందు బంపర్ కుడి మూల, అటువైపు అద్దం కవరు గేటు స్తంభానికి రాసుకుపోయాయి. ఆ సంగతి అక్కకీ చెప్పలేదు, బావకీ చెప్పలేదు. పెయింటింగ్ షాపులో అడిగితే రెండూ కలిపి ఆరు వేలన్నారు. ఆయన జీతం పద్దెనిమిది వేలు. దాంతో వీడియోలు చూసి తనే మొదలుపెట్టారు. బాగా గరుకుగా ఉండే 80 నంబరు ఉప్పుకాగితంతో నల్లటి ప్లాస్టిక్ కనబడేదాకా గీకారు. థిన్నర్‌తో తుడిచి, హార్డ్‌వేర్ షాపులో కొన్న బూడిదరంగు ప్రైమర్ స్ప్రే కొట్టి, పైన సిల్వర్, ఆ పైన మెరుపు కోసం రంగులేని క్లియర్ కోట్ వేశారు. ఎవరికీ కనబడకూడదని షెడ్డు తలుపులు మూసి, ముఖానికి చేతిరుమాలు కట్టుకుని రాత్రిళ్ళు చేశారు. మూడు వారాలు బాగానే ఉంది. నవంబరులో వాటర్ సర్వీసింగ్‌కి ఇస్తే, నీళ్ళ దెబ్బకి బంపర్ మీద అరచేతంత రంగు పొరలా లేచి వేలాడింది. లాగితే ఇంకా వచ్చింది. అద్దం కవరు మీది రంగు మాత్రం చెక్కుచెదరలేదు.

ఉత్తరం చివర ఇలా రాశారు: "బావ భోగికి వస్తున్నాడు. నా భార్య చెప్పెయ్యమంటోంది. నేను బాగుచేసి, అడిగితే అప్పుడు చూద్దామనుకుంటున్నాను. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. నా చేతికి ఈ పని రాదేమో. ఈసారి ఇంకా గట్టిగా గీకితే నిలుస్తుందా?"

ముందు మీ చేతి సంగతి. ఒకే డబ్బా, ఒకే మనిషి, అవే రాత్రిళ్ళు. అద్దం కవరు మీద నిలిచింది, బంపర్ మీద ఊడింది. మీరు లెక్కల మాస్టారు కాబట్టి ఇది మీకు వేరే చెప్పక్కర్లేదు: రెండు చోట్లా ఒకేలా ఉన్నది తేడాకి కారణం కాలేదు. చెయ్యి ఒకటే, తేడా కింద ఉన్న ప్లాస్టిక్‌లో ఉంది.

కార్ల బంపర్లు చాలావరకు పాలీప్రొపిలీన్‌లో కొంత రబ్బరు కలిపి పోస్తారు. తగిలినప్పుడు విరగకుండా వంగి మళ్ళీ సర్దుకోవాలని అలా చేస్తారు. అద్దం కవర్లు, గ్రిల్లులు ఎక్కువగా ఏబీఎస్ అనే ఇంకో ప్లాస్టిక్. ఏబీఎస్‌ని థిన్నర్ కొద్దిగా కరిగిస్తుంది. ప్రైమర్‌లోని ద్రావకం కూడా పైపొరను కాస్త మెత్తబరిచి, ఎండాక దాంతో ఒకటైపోతుంది. అందుకే మీ అద్దం కవరు గోరుకి లొంగడం లేదు. పాలీప్రొపిలీన్ అలా మెత్తబడదు. ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలు చాలావరకు దాంతో చేసినవే. గోడలకి రంగులు వేసేటప్పుడు కుర్చీ మీద పడిన చుక్క ఎండాక గోరు తగిలితే చాలు, బిళ్ళలా ఊడొస్తుంది కదా, మీ బంపర్ మీద జరిగింది అదే. తామరాకు మీద నీటిబొట్టులా ప్రైమర్ దాని మీద కూర్చుంది తప్ప పట్టుకోలేదు.

మరి ఫ్యాక్టరీలో వేసిన రంగు అన్నేళ్ళు ఎలా నిలిచిందని మీకు అనుమానం రావచ్చు. అక్కడ రంగుకి ముందు బంపర్ పైపొరను సిద్ధం చేస్తారు. మంటను క్షణంలో దాని మీదుగా నడిపించి ఆ పొర స్వభావాన్ని మారుస్తారు, లేదా దీనికోసమే చేసిన ప్రైమర్ వేస్తారు. మీరు 80 నంబరు కాగితంతో పాత రంగుతో పాటు ఆ పట్టునిచ్చే పొరను కూడా గీకేశారు. ఇది ఇంటి దగ్గర చేసేవాళ్ళలో చాలామందికి జరిగేదే. పాత రంగు గట్టిగా ఉంటే అంత మంచి పునాది ఇంకోటి ఉండదు. దాని మెరుపు పోయేలా తడిపి రుద్దే సన్నటి 400 నంబరు వాటర్ పేపర్‌తో మెల్లగా రుద్ది, దాని మీదే వేసుకుని ఉంటే మీకు ఈ కష్టం వచ్చేది కాదు. కాబట్టి ఇంకా గట్టిగా గీకడం మందు కాదు. పాలీప్రొపిలీన్ మీద ఎంత గరుకు చేసినా, ఆ గరుకు ఒక్కటే రంగుని పట్టి ఉంచదు.

దీన్ని ఖాయం చేసుకోవడానికి బంపర్ వెనకవైపు చూడండి. రెండు బాణం మొనల మధ్య అక్షరాలు అచ్చుపోసి ఉంటాయి. పీపీ అని, పక్కన ఈపీడీఎం అని, ఆ తర్వాత టీ 20 లాంటిదేదో కనిపిస్తే: పీపీ అంటే పాలీప్రొపిలీన్, ఈపీడీఎం అంటే రబ్బరు, చివరిది నూటికి ఇరవై పాళ్ళు టాల్క్ పొడి కలిపారని. ముక్కను నీళ్ళలో వేసి తేలితే పీపీ అని కొందరు చెబుతారు. టాల్క్ కలిసిన పీపీ నీటికంటే కాస్త బరువెక్కి మునిగిపోవచ్చు కనక ఆ పరీక్షను నమ్మకండి. అక్షరాలు దొరకకపోతే, వెనక ఓ మూల ఉప్పుకాగితంతో రుద్ది చూడండి. ఏబీఎస్ అయితే పొడి రాలుతుంది. పీపీ అయితే పొడికి బదులు సన్నటి నూగు లేస్తుంది. మీరు ఉత్తరంలో "గీకుతుంటే బొచ్చు బొచ్చుగా అయింది" అని రాశారు. దాన్ని బట్టి నాకైతే అనుమానం లేదు.

ఇక మీ ముందున్న దారులు. ఆరు వారాల సమయం ఉంది, అది తక్కువేం కాదు.

ఇన్సూరెన్స్ సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను, ఎందుకంటే మీ భార్య ఆ ప్రశ్న అడిగారని రాశారు. పాలసీ బావగారి పేరు మీద ఉంది, ఆయనకి తెలియకుండా క్లెయిమ్ కుదరదు. దెబ్బ తగిలి రెండు నెలలైంది, పైగా మీరు మరమ్మతు చేసేశారు. మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాలకి సగం విలువ తరుగు కింద కోసేస్తారు, క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, కూడా పోతుంది. ఆరు వేల పనికి అది గిట్టుబాటు కాదు.

షాపుకిచ్చేస్తే మీకు నిద్ర దొరుకుతుంది, రంగు కూడా బాగా కలుస్తుంది. ఇక్కడ సిల్వర్ గురించి మీకు తెలియాల్సింది ఒకటుంది. తెలుపో నలుపో అయితే ఇంట్లో కొట్టినా కంటికి పెద్దగా తేడా పట్టదు. సిల్వర్‌లో అల్యూమినియం రేకులు ఉంటాయి. అవి ఎలా పడుకున్నాయన్న దాన్ని బట్టి రంగు ముదురుగానో లేతగానో కనిపిస్తుంది. డబ్బా కాస్త దగ్గరగా పట్టినా, పూత కాస్త తడిగా పడినా తేడా తెలుస్తుంది. కలర్ కోడ్ చూసి కొన్న డబ్బా అయినా సరే, మూల నుంచి ఎండలో చూస్తే బంపర్, పక్కనున్న ఫెండర్ రెండూ అచ్చంగా ఒకేలా ఉంటాయని నేను హామీ ఇవ్వలేను. షాపులో చెయ్యి తిరిగిన పెయింటర్ రంగును కొంచెం కొంచెంగా పక్కకి తీసుకెళ్ళి ఆ గీత కనబడకుండా చేస్తాడు. షాపుకి ఇచ్చేటట్టయితే మీరు ఏ డబ్బాలు కొట్టారో దాచకుండా చెప్పండి. మామూలు స్ప్రే డబ్బా పూత మీద వాళ్ళ హార్డనర్ (రంగుని గట్టిపరిచే రసాయనం) కలిపిన పెయింట్ పడితే కింద పొర ముడతలు పడి లేవచ్చు. నిజం తెలిస్తే వాళ్ళు ముందే అంతా తీసేస్తారు.

మధ్యే మార్గం కూడా ఉంది. ఊడుతున్న రంగు తీయడం, కడగడం, నున్నగా రుద్దడం మీరు చేసి, స్ప్రే పని మాత్రం షాపుకి ఇవ్వడం. ఈ పనిలో ఎక్కువ గంటలు తినేది రుద్దడమే కాబట్టి కొన్ని షాపులు కొంత తగ్గిస్తాయి. అయితే తమ చేతి మీద జరగని పనికి గ్యారంటీ ఇవ్వడానికి చాలామంది ఒప్పుకోరు, అది న్యాయమే. ముందే అడిగి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి.

కొత్త బంపర్ కొనే ఆలోచన కూడా రాశారు. పగుళ్ళు లేకపోతే దాని జోలికి పోకండి. కారుతో వచ్చిన బంపర్ సందులు కలిసినట్టు బయట దొరికే చవక రకం కలవకపోవచ్చు. పైగా అది రంగు లేకుండా వస్తే, అచ్చులోంచి తేలిగ్గా ఊడిరావడానికి పూసిన జిడ్డుతో సహా మీరు ఇదే పీపీ కష్టం మొదటి నుంచీ పడాలి.

మీరే మళ్ళీ చేస్తానంటే నేను వద్దనను. మీ ఉత్తరంలో ఆ ఓపిక కనబడుతోంది. అయితే కారు మీద మొదలుపెట్టొద్దు. బంపర్ విప్పి, వెనకవైపు ఎవరికీ కనబడని చోట రెండు అరచేతులంత జాగాలో మొత్తం పని, మొదటి నుంచి చివరిదాకా, ఒకసారి చేయండి. నా దగ్గర ఒక పాత బంపర్ ముక్క ఉంది, కొత్త డబ్బా ఏది తెచ్చినా ముందు దాని మీదే కొట్టి చూస్తాను. వారం ఆగి, ఆ పూత మీద కొత్త బ్లేడుతో రెండు మిల్లీమీటర్ల ఎడంలో ఆరు గీతలు నిలువుగా, ఆరు అడ్డంగా కొయ్యండి. చిన్న గళ్ళు పడతాయి. దాని మీద మంచి టేపు గట్టిగా అంటించి, ఒక్క ఊపున లాగండి. గళ్ళు నిలిస్తే ముందుకి వెళ్ళండి. టేపుతో లేచొస్తే మీకు పోయింది వెనకవైపు ఒక ముక్క మాత్రమే, ఇంకా నెల రోజులు చేతిలో ఉంటాయి, షాపు ఎటూ పోదు.

బంపర్ విప్పమన్నది ఇందుకొక్కదానికే కాదు. గేటు స్తంభం దెబ్బకి లోపల పట్టి ఉంచే బ్రాకెట్లు, వెనక ఉండే ఫోమ్ పగిలాయేమో చూడాలి. బయట గీత మాత్రమే కనిపించి లోపల విరిగిన బంపర్లు ఉంటాయి. ఫాగ్ ల్యాంపు వైరు, సెన్సర్లు ఉంటే వాటి వైర్లు ముందు జాగ్రత్తగా ఊడదీయండి. పాత క్లిప్పులు విప్పేటప్పుడు విరగడం మామూలే, కొన్ని కొత్తవి తెచ్చుకుని మొదలుపెట్టండి.

ఇక పని వరస. మీరు వేసిన రంగులో ఊడకుండా మిగిలింది కూడా నమ్మదగ్గది కాదు, కింద ఉన్నది అదే ప్లాస్టిక్, అదే ప్రైమర్. టేపుతో, వేలితో వచ్చినంతా తీసేయండి. ఫ్యాక్టరీ రంగు గట్టిగా ఉన్న చోటికి వచ్చాక ఆగండి. ఆ అంచు మెట్టులా తగలకుండా 240తో, తర్వాత 320తో వాలుగా దించండి.

రుద్దడానికి ముందే కడగాలి, ఈ ఒక్క మాట మర్చిపోవద్దు. కారు పాలిష్, టైర్ పాలిష్‌లలో సిలికాన్ ఉంటుంది. కడగకుండా రుద్దితే ఉప్పుకాగితం ఆ జిడ్డును తీసుకెళ్ళి గీతల్లోకి కూరుతుంది. ఆ తర్వాత రంగు అక్కడ నిలవకుండా చుట్టూ జరిగిపోయి చేపకళ్ళలా గుంటలు పడతాయి. గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే ద్రవం, మెత్తటి బ్రష్. తర్వాత బాగా కడిగి, ఎండలో నిలబెట్టి, క్లిప్పుల రంధ్రాల్లో నీళ్ళు కూడా కారిపోయేదాకా ఆరనివ్వండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక గుడ్డతో పూసి, అది ఆరిపోకముందే ఇంకో శుభ్రమైన గుడ్డతో తుడిచెయ్యండి. ఒకే గుడ్డ అయితే జిడ్డు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుతుందంతే. థిన్నర్ మాత్రం ఇక దగ్గరికి రానివ్వద్దు, ముఖ్యంగా అద్దం కవరు దగ్గరికి.

80 నంబరు పెట్టిన గీతలు లోతుగా ఉంటాయి. వాటిని 180, 240, 320, 400 అని వరసగా దించుకుంటూ రావాలి. ఒక అంకె వదిలేస్తే కింది గీతలు సిల్వర్ కింద నుంచి బయటపడతాయి. కాగితాన్ని సబ్బునీళ్ళలో ముంచి, చేతి బరువు తగ్గించి రుద్దండి. మిషన్ వద్దు. వేడెక్కితే ఈ ప్లాస్టిక్ సాగి నూగు ఇంకా పెరుగుతుంది. లైటర్ మంటతో నూగు కాల్చే వీడియోలు చూసి ఉంటారు, ఆ పని చేయకండి. ఒక్క క్షణం ఎక్కువైతే ప్లాస్టిక్ అక్కడ కుంగిపోతుంది.

ఇప్పుడు అసలు మందు. షాపుకెళ్ళి "ప్లాస్టిక్ ప్రైమర్" అని అడగడంతో సరిపెట్టుకోకండి. ఆ పేరుతో ఏబీఎస్‌కి మాత్రమే పనికొచ్చేవి కూడా దొరుకుతాయి. అడ్హీషన్ ప్రమోటర్, అంటే పట్టునిచ్చే మందు, అని అడిగి, డబ్బా మీద పీపీ అని గానీ, టీపీవో (రబ్బరు కలిసిన పీపీ) అని గానీ రాసి ఉందో లేదో చదివి కొనండి. నీళ్ళలా పల్చగా, రంగు లేకుండా ఉంటుంది. రెండు సన్నటి పూతలు చాలు. దాన్ని రుద్దకూడదు, చేత్తో ముట్టుకోకూడదు. ఎంతసేపు ఆగాలో, ఎంతలోపు ప్రైమర్ వెయ్యాలో డబ్బా మీద ఉంటుంది. ఆ గడువు దాటిపోతే పట్టు తగ్గుతుంది, కాబట్టి ప్రైమర్ డబ్బా ఊపి పక్కన పెట్టుకున్నాకే ఇది మొదలుపెట్టండి.

ప్రైమర్ ఒకటే మందపాటి పూతగా కాదు, మూడు పల్చటి పూతలు, మధ్యలో పది నిమిషాల చొప్పున విరామం. డబ్బా ఒక జానెడు దూరంలో ఉండాలి, బంపర్ అంచు బయటే నొక్కడం మొదలుపెట్టి అవతలి అంచు దాటాక వదలాలి. గుంట మిగిలితే ఇనుముకి వాడే మామూలు లప్పం పెట్టకండి, బంపర్ వంగినప్పుడు పగులుతుంది. బంపర్లకని వంగే లప్పం వేరే ఉంటుంది. ప్రైమర్ ఎండాక దూరం నుంచి నల్ల స్ప్రే పొగలా చల్లి, 600తో తడిపి రుద్దండి. నలుపు ఎక్కడ మిగిలిందో అక్కడ ఇంకా పల్లం ఉందన్నమాట. సిల్వర్ కాబట్టి చివర 800 కూడా తిప్పండి. రుద్దుతున్నప్పుడు ఎక్కడైనా నల్ల ప్లాస్టిక్ బయటపడితే, అక్కడ మళ్ళీ ప్రమోటర్ వెయ్యాల్సిందే. ఎక్కువగా మూలల్లోనే బయటపడుతుంది, ఊడడం కూడా అక్కడే మొదలవుతుంది.

మీ ఊళ్ళో డిసెంబరంటే తెల్లవారుజామున మంచు, పగలు కోతలు, కుప్పనూర్పిళ్ళ ధూళి. పొద్దున పది దాటాక, గాలి నెమ్మదిగా ఉన్న రోజు చూసి, మధ్యాహ్నం మూడులోపు స్ప్రే పని ముగించండి. పూత ఆరకముందు మంచు పడితే క్లియర్ తెల్లగా మబ్బు పట్టినట్టవుతుంది.

రాత్రి, తలుపులు మూసి, చేతిరుమాలు అన్న మాట దగ్గర నేను చదవడం ఆపేశాను. తలనొప్పి వచ్చిందని కూడా రాశారు. మీ షెడ్డు వంటింటిని ఆనుకుని ఉందట, ఇంట్లో నాలుగేళ్ళ పాప ఉంది. ఆ ఆవిర్లు మండుతాయి, స్టవ్ వెలుగుతుండగా ఇకమీదట ఎప్పుడూ అలా చేయకండి. చేతిరుమాలు కాదు కదా, దుమ్ము మాస్కు కూడా ఆవిరిని ఆపదు. ఆవిర్ల కోసం బొగ్గు కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. పని ఆరుబయట చేయాలి. హార్డనర్ కలిపే టూ కే రకం డబ్బాలు గట్టిగా నిలుస్తాయని ఎవరైనా చెబితే, అది నిజమే గానీ మీరు వాటి జోలికి పోవద్దు. వాటిలో సాధారణంగా ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. ఒకసారి ఊపిరితిత్తులకి పడకపోతే జీవితాంతం ఉబ్బసం అంటుకునే ప్రమాదం ఉంది, పైగా వాసనని బట్టి వాటిని పసిగట్టలేం. మామూలు డబ్బా క్లియర్ కొంచెం త్వరగా గీతలు పడుతుంది. పడనివ్వండి.

అద్దం కవరుని ఏమీ చేయకండి. అది నిలిచింది.

ఇక బావగారి సంగతి. మీరు రెండు చిక్కుల్ని ఒకటిగా ముడేసుకున్నారు. రంగు సరిగ్గా వస్తే చెప్పక్కర్లేదని, రాకపోతే పరువు పోతుందని. అందుకే తలుపులు మూయాల్సి వచ్చింది, రాత్రి దీపం వెలుగులో సిల్వర్ కొట్టాల్సి వచ్చింది, షాపులో నిజం చెప్పలేక మామూలు ప్రైమర్ కొనుక్కొచ్చారు. చెప్పకుండా ఉండడం కుదరదని నేననను. పని చాలా బాగా కుదిరితే ఆయన గమనించకపోవచ్చు. కానీ భోగి రోజు ఎండలో కారు చుట్టూ ఆయన ఒక్కసారి తిరిగేటప్పుడు మీరు ఎక్కడ నిలబడతారో మీకే తెలుసు. రెండేళ్ళ తర్వాత అమ్మేటప్పుడు కొనేవాడు "ఈ మూల రీపెయింట్" అంటే, అప్పటి మాట ఇంకోలా ఉంటుంది. వచ్చాక ఎదురుగా చెబుతానంటే, పండగ నాడు అక్క ముందు, పిల్లల ముందు ఆ మాట ఎత్తడానికి సమయం దొరకదు. ఈ వారమే ఫోన్‌లో చెబితే కోప్పడొచ్చు, కోపం చల్లారడానికి ఆరు వారాలుంటాయి. "షాపుకిచ్చెయ్, డబ్బు నేనిస్తా" అనొచ్చు, "నువ్వే చూడు" అనొచ్చు. ఏదన్నా మీకు పగటి వెలుగులో పని చేసుకునే వీలు దొరుకుతుంది. ఇందులో ఏది మీకు వీలవుతుందో ఆయన స్వభావం తెలిసిన మీరే నిర్ణయించుకోవాలి. లోపల బ్రాకెట్ విరిగి ఉంటే మాత్రం ఆలోచించకండి, ఆ రోజే చెప్పండి. ఆ కారులో తిరిగేది మీ అక్క కూడా.

చెప్పేటప్పుడు గేటు స్తంభం నుంచే మొదలుపెట్టండి, రంగు ఊడడం నుంచి కాదు. "సెప్టెంబరులో రాసుకుంది బావా, భయపడి చెప్పలేదు, నేనే రంగు వేశాను, నిలవలేదు" అంటే చాలు, అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

ఈ ఆదివారం బంపర్ విప్పి వెనక అక్షరాలు చదవండి, బ్రాకెట్లు చూడండి, వెనకవైపు ఆ రెండు అరచేతుల జాగాలో పని పూర్తిచేసి తేదీ రాసిపెట్టండి. తర్వాతి ఆదివారం టేపు లాగి, ఎన్ని గళ్ళు ఊడాయో నాకు రాయండి. ముందువైపు మొదలుపెట్టాలా, షాపుకి ఇవ్వాలా అన్నది అది చూశాక మాట్లాడుకుందాం.